నాలుగు చుట్ల నట్టు: అలాయ్ వీల్స్ అమ్మే సోదరులకు బహిరంగ లేఖ

అలాయ్ వీల్ దుకాణాల యజమానులకు, ఆ దుకాణాల్లో చక్రాలు బిగించే తమ్ముళ్లకు నమస్కారం.

నేను విజయవాడలో వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ పని చేసుకునేవాడిని. ఈ పనిలోకి వచ్చి 26 ఏళ్లయింది. మీలో చాలామంది నాకు ముఖపరిచయమే. ఆటోనగర్ సందుల్లో ఒకరి దుకాణం ముందు ఒకరం నిలబడి టీ తాగినవాళ్లమే. ఈ రోజు మీరు బిగించిన రిమ్ము రేపు నా ర్యాంపు ఎక్కుతుంది. అందుకని దీన్ని బయటివాడి ఫిర్యాదు అనుకోకండి. మన పనిలో ఒక తప్పు పాతుకుపోయింది: సరిపోని రిమ్మును వెనక స్పేసరు అనే పలక పెట్టి బిగించడం. దాని గురించి మనలో మనం మాట్లాడుకోవాలని రాస్తున్నాను.

మొన్న భోగికి రెండు రోజుల ముందు సంగతి. హైదరాబాద్ నుంచి గోదావరి జిల్లాలకు వెళ్లే కార్లతో జాతీయ రహదారి కిటకిటలాడుతోంది. ఒక చిన్న కారు నా షాపు ముందు ఆగింది. నడుపుతున్న అబ్బాయికి ముప్పై ఏళ్లుంటాయి. పక్కన భార్య, వెనక తల్లి, ఇద్దరు పిల్లలు. డిక్కీ నిండా సామాను. "అన్నా, ఎనభై దాటితే స్టీరింగ్ వణుకుతోంది. హైదరాబాద్‌లో మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, తగ్గలేదు. ఒక్కసారి చూస్తారా, సాయంత్రంలోగా ఊరు చేరాలి" అన్నాడు. కారుకు కొత్త అలాయ్‌లు ఉన్నాయి. నలుపు మీద వెండి అంచు, బాగున్నాయి. బిగించి నాలుగు నెలలే అయిందట.

జాకీ ఎక్కించి ముందు ఎడమ చక్రం నట్టు మీద పానా పెట్టాను. బలం పెట్టకుండానే తిరిగింది. పానా తీసేసి వేళ్లతో తిప్పుతూ లెక్కపెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో చుట్టు పూర్తి కాకముందే నట్టు అరచేతిలో పడింది. రెండో నట్టూ అంతే. మూడో నట్టు తిప్పబోతే స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) ముక్క కూడా దానితోపాటే ఊడి వచ్చింది. హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) దగ్గర, మొదట్లోనే స్టడ్డు విరిగింది. విరిగిన చోటును వెలుతురులో పెట్టి చూశాను. సగం ముఖం తుప్పు పట్టి గోధుమ రంగులో ఉంది, మిగిలిన సగం కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే ఆ స్టడ్డు ఆ రోజు విరిగింది కాదు. చాలా రోజులుగా కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చి, నా చేతిలో ప్రాణం విడిచింది.

రిమ్ము లాగితే దాని వెనక హబ్బుకు అంటుకుని ఒక అల్యూమినియం పలక కనిపించింది. కాలిపర్ పెట్టి కొలిస్తే 10 మిల్లీమీటర్లు. దాని రంధ్రాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయాయి. చుట్టూ నల్లటి పొడి. లోహం లోహంతో రాసుకుంటే రాలే పొడి అది. పలకను తీసి ఆ అబ్బాయి చేతిలో పెట్టాను. "ఇదేమిటన్నా?" అని అడిగాడు.

తన కారులో అది ఉన్నట్టే అతనికి తెలియదు.

ఈ లేఖ రాయడానికి కారణం విరిగిన స్టడ్డు కంటే ఆ ప్రశ్నే. నలభై వేలు పోసి రిమ్ములు కొన్నవాడికి, వాటి వెనక ఒక పలక పెట్టామని, అది ఎందుకు పెట్టామని చెప్పలేదు. అమ్మిన దుకాణం పేరు అతను నాకు చెప్పాడు. నేనిక్కడ రాయను. ఆ పలక ఆ ఒక్క దుకాణంలోనే లేదు. పన్నెండేళ్ల కిందటి వరకు నా షాపులోనూ ఒక మేకుకు అలాంటివి పది వేలాడుతూ ఉండేవి. నేనూ వేశాను. అడిగినవాళ్లకు వేశాను, అడగనివాళ్లకూ వేశాను. ఏ కారుకు ఏమైందో నాకు తెలియదు, ఆ మాట నన్ను ఇప్పటికీ వదలదు.

మనకు తెలిసిందే అయినా చక్రం ఎలా నిలబడుతుందో ఒక్కసారి మాట్లాడుకుందాం, ఎందుకంటే తప్పంతా అక్కడే మొదలవుతోంది. ఎడ్లబండికి ఇరుసు ఉంటుంది, చక్రం దాని మీద తిరుగుతుంది, చివర కడశీల ఉంటుంది. కారు చక్రానికి కడశీల లేదు. స్టడ్ల మీద రిమ్ము వేలాడుతోందని, బరువంతా స్టడ్లే మోస్తున్నాయని చాలామంది కుర్రాళ్లు అనుకుంటారు. అది నిజం కాదు. నట్టు బిగించినప్పుడు స్టడ్డు రబ్బరులా కొద్దిగా సాగుతుంది. ఆ సాగిన స్టడ్డు తిరిగి దగ్గరకు రావాలని చూస్తూ రిమ్మును హబ్బుకు అదిమి పడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, అంటే మీటరు పొడవున్న పానా చివర 10 కిలోలు వేలాడదీసినంత బలంతో బిగిస్తే, ఒక్కో స్టడ్డు దాదాపు 4 టన్నుల బలంతో అదుముతుంది. ఆ అదుముడుకు రెండు ముఖాల మధ్య పుట్టే పట్టే చక్రాన్ని మోస్తుంది, బ్రేకు వేస్తే ఆపుతుంది. ఆ పట్టు ఉన్నంతకాలం స్టడ్డు మీద పక్కబలం పడదు. పట్టు సడలిన క్షణం నుంచి రిమ్ము స్టడ్డును ప్రతి చుట్టుకూ అటూ ఇటూ వంచుతుంది. తీగను చేత్తో పదేపదే వంచితే తెగినట్టు స్టడ్డు తెగుతుంది. ఆ అబ్బాయి కారులో జరిగింది ఇదే.

ఇప్పుడు ఆ నాలుగు చుట్లను లెక్క వేయండి. ఆ కారు స్టడ్డు మీద మర దూరం, అంటే నట్టు ఒక చుట్టుకు ముందుకు జరిగే దూరం, 1.25 మిల్లీమీటర్లు. నాలుగు చుట్లంటే 5 మిల్లీమీటర్ల పట్టు. స్టడ్డు ఎంత లావుంటే నట్టు కనీసం అంత లోతు పట్టాలన్నది మన పనిలో పాత సూత్రం. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు 12 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది పది చుట్లు. హోండా, హ్యుందయ్, టయోటా కార్లలో మర దూరం 1.5 కాబట్టి వాటికి ఎనిమిది చుట్లు. కంపెనీ స్టడ్డును తన రిమ్ముకు సరిపడేంత పొడవే ఇస్తుంది. మధ్యలో 10 మిల్లీమీటర్ల పలక పెడితే ఆ 10 ఎక్కడి నుంచి వస్తుంది? నట్టు పట్టే చోటి నుంచే. ఐదుగురు కూర్చున్న కారు ఒక్కో స్టడ్డుకు 5 మిల్లీమీటర్ల మర మీద హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వచ్చింది.

అసలు ఆ పలక ఎందుకు అవసరమైంది? రిమ్ము సరిపోలేదు కాబట్టి. ఎందుకు సరిపోలేదు? అమ్మేముందు ఎవరూ కొలవలేదు కాబట్టి. మన దుకాణాల్లో బేరం ఎలా సాగుతుందో మనందరికీ తెలుసు. కుర్రవాడు ఫోనులో బొమ్మ చూపిస్తాడు. "నాలుగు నట్లే కదా, వంద పి.సి.డి.యే కదా, పడుతుంది" అంటాం. నాలుగు రంధ్రాలు, వాటి మధ్యబిందువుల మీదుగా పోయే వలయం వ్యాసం 100 మిల్లీమీటర్లు, పి.సి.డి. అంటే అదే. స్విఫ్ట్‌కూ అదే, ఐ20కీ అదే, హోండా సిటీకీ అదే. కానీ రంధ్రాలు కలిసినంత మాత్రాన రిమ్ము కలిసినట్టు కాదు. ఆఫ్‌సెట్ ఒకటి ఉంది, సెంటర్ బోర్ ఒకటి ఉంది. కొనేవాడికి ఈ రెండు పేర్లూ తెలియకపోవచ్చు. అమ్మేవాడికి తెలియాలి.

రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఆ గీతకు, హబ్బుకు ఆనుకునే ముఖానికి మధ్య దూరమే ఆఫ్‌సెట్. రిమ్ము వెనక ఈటీ అని అచ్చువేసి పక్కన అంకె ఉంటుంది. ఒక కారుకు కంపెనీ రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 అనుకుందాం. మనం 7 అంగుళాల వెడల్పున్నది, అదే 45 ఆఫ్‌సెట్‌ది అమ్మామనుకోండి. వెడల్పు 38 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం, 19 మిల్లీమీటర్లు, లోపలికి వెళ్తుంది. అక్కడ సస్పెన్షన్ స్ట్రట్ ఉంది, టైరు దానికి రాసుకుంటుంది. అప్పుడు మేకు మీదున్న పలక గుర్తొస్తుంది. 10 మిల్లీమీటర్లు పెడితే లోపల వదులవుతుంది. కానీ బయట? ముందే పెరిగిన 19కి ఈ 10 కలిసి 29 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. ఇక నిండుగా నలుగురు ఎక్కి గతుకు దాటితే టైరును ఫెండరు (చక్రం మీది రేకు) అంచు కోస్తుంది. అప్పుడు ఫెండరు అంచును సుత్తితో లోపలికి మడవడం, లోపలి ప్లాస్టిక్ తొడుగును కత్తిరించడం. ఒక తప్పును దాచడానికి మరొకటి, దాన్ని దాచడానికి ఇంకొకటి. మొదట్లో సరైన ఆఫ్‌సెట్ ఉన్న 6 అంగుళాల రిమ్ము చూపించి ఉంటే ఇవేవీ ఉండవు. ఆ అబ్బాయి 7 అంగుళాలే కావాలని పట్టుబట్టలేదు. ఎన్ని అంగుళాలో కూడా అతనికి తెలియదు. నలుపు మీద వెండి అంచు నచ్చింది, అంతే.

సెంటర్ బోర్ సంగతి ఇంకా నిర్లక్ష్యంగా నడుస్తోంది. హబ్బు మధ్యలో బయటికి పొడుచుకుని ఒక పెదవి ఉంటుంది. రిమ్ము మధ్య రంధ్రం దాని మీద చేయి వేలికి ఉంగరంలా కూర్చోవాలి. స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు, హోండా సిటీ 56.1. బయట దొరికే రిమ్ములు అన్ని కార్లకూ పట్టేలా 67.1, 73.1 రంధ్రాలతో వస్తాయి. ఆ ఖాళీని నింపడానికి రింగు వేయాలి. రింగు ఖరీదు ఎంత? రిమ్ముల ఖరీదులో అది లెక్కలోకే రాదు. అయినా పది కార్లు విప్పితే సగానికి నేను రింగు చూడను. రింగు ఉన్నచోట కూడా పలక అడ్డం వచ్చి హబ్బు పెదవిని మింగేస్తుంది. పట్టుకోవడానికి పెదవే మిగలకపోతే రింగు ఉండి ఏం లాభం?

ఆ అబ్బాయి మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు తగ్గకపోవడానికి కారణం ఇదే. బ్యాలెన్సింగ్ యంత్రం రిమ్మును మధ్య రంధ్రంలో శంకువు దూర్చి పట్టుకుంటుంది. యంత్రం మీద కేంద్రం సరిగ్గానే ఉంటుంది, తెర మీద సున్నా సున్నా వస్తుంది. కారుకు బిగించాక ఆ చక్రం కేంద్రం మీద కూర్చోదు, ఏ నట్టు ముందు బిగిస్తే అటు జరిగి కూర్చుంటుంది. పలక రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోతే మరీ అన్యాయం. హబ్బు ముఖం వ్యాసం సుమారు 140 మిల్లీమీటర్లు. దాని మీద పలక మందంలో 0.2 మిల్లీమీటర్ల తేడా ఉంటే, 15 అంగుళాల రిమ్ము అంచు దగ్గరకు వచ్చేసరికి అది అర మిల్లీమీటరు దాటిన ఊపు అవుతుంది. వీధి చివర లాత్ మిషన్ మీద తొందరలో తిప్పించుకొచ్చిన పలకకు 0.2 తేడా ఏ మూల? బ్యాలెన్సింగ్‌కు అతను మూడుచోట్లా డబ్బులిచ్చాడు. మూడుచోట్లా మన వృత్తివాళ్లే తీసుకున్నారు, ఒక్కరూ పలక సంగతి చెప్పలేదు. ఇందులో అలైన్‌మెంట్ పనివాళ్లమైన మా తప్పు కూడా మీ తప్పుతో సమానం.

స్పేసరు అన్న వస్తువే పాపమని నేను అనను. పోర్షే సంస్థ తన కొన్ని కార్లకు 5 మిల్లీమీటర్ల స్పేసర్లను తానే ఇచ్చింది, వాటికి తగిన పొడవైన బోల్టులతో సహా. 3 నుంచి 5 మిల్లీమీటర్ల పలక, హబ్బు పెదవి ఇంకా రిమ్ములోకి వచ్చేలా ఉండి, స్టడ్లు పొడవైనవి మార్చి, చుట్లు లెక్కపెట్టి వేస్తే దాన్ని నేను తప్పుపట్టను. 20 మిల్లీమీటర్లు, ఆపైన మందం ఉండి, సొంత స్టడ్లతో వచ్చేవి ఉన్నాయి. హబ్బుకు వేరే నట్లతో బిగుస్తాయి, రిమ్ము వాటి మీద బిగుస్తుంది. పోత పోసినవి కాకుండా సుత్తిదెబ్బలతో సాగగొట్టిన (ఫోర్జ్‌డ్) లోహంతో చేసినవి, ఇటు హబ్బును, అటు రిమ్మును రెండు పెదవులతో పట్టుకునేవి అయితే అవీ పనిచేస్తాయి. వాటికీ ఒక బాధ్యత ఉంది. లోపలి నట్లు రిమ్ము వెనక దాగి ఉంటాయి. అవి వదులైతే బయటి నుంచి కనిపించదు, వినిపించదు. రిమ్ము విప్పి, ఎంత బలంతో బిగిసిందో చూపే టార్క్ రెంచి పెట్టి చూడాల్సిందే. ఎంతమంది చూస్తున్నాం?

మనం ఎక్కువగా అమ్ముతున్నది ఈ రెండూ కాదు, మధ్యలో ఉన్న 10, 12, 15 మిల్లీమీటర్లవి. ఇవి పలకగా వేయడానికి మరీ మందం, సొంత స్టడ్లతో వేయడానికి మరీ పలచన. సొంత స్టడ్లున్నది వేస్తే కంపెనీ స్టడ్డు పలకను దాటి ముందుకు పొడుచుకొస్తుంది, రిమ్ము ఆనదు. అప్పుడు కొందరు తమ్ముళ్లు చేస్తున్న పని చూసి నాకు నిద్ర పట్టలేదు. గ్రైండర్ తెచ్చి కారు అసలు స్టడ్లను కోసేస్తున్నారు! రాత్రిపూట ఊరవతల పంక్చరైతే ఆ కారుకు స్టెప్నీ ఎక్కదు. పలక తీసేసి పాత రిమ్ము వేద్దామన్నా ఎక్కదు. కొన్న మనిషిని అతనికి తెలియకుండానే ఆ పలకకు కట్టేసినట్టయింది. దయచేసి ఈ ఒక్క పని మాత్రం ఈ రోజు నుంచే మానండి.

నట్ల గురించి కూడా ఒక మాట. హోండా కార్లకు కంపెనీ ఇచ్చే నట్టు కూర్చునే భాగం గుండ్రంగా, గోళీలా ఉంటుంది. బయటి అలాయ్‌లకు ఎక్కువగా 60 డిగ్రీల శంకువు. గుండ్రటి నట్టును శంకువులో బిగిస్తే సన్నటి గీత మందాన మాత్రమే ఆనుతుంది, వారం తిరిగేసరికి వదులవుతుంది. 1.5 మర నట్టును 1.25 మర స్టడ్డు మీద పెట్టి ఎయిర్ గన్ నొక్కితే అది ఎక్కుతుంది కూడా, మరను చీల్చుకుంటూ. ఎయిర్ గన్‌కు తప్పు తెలియదు. అందుకే మొదటి ఐదారు చుట్లు వేళ్లతోనే తిప్పాలని మాకు పని నేర్పిన మేస్త్రీ అనేవాడు. వేళ్లతో తిప్పితే మర కలిసిందో లేదో తెలుస్తుంది, ఎన్ని చుట్లు పడుతోందో కూడా తెలుస్తుంది.

చక్రం బయటికి జరిగితే కారు నడకే మారుతుంది. చిన్న కారు ముందు చక్రం మీద సుమారు 350 కిలోల బరువు ఉంటుంది. 15 మిల్లీమీటర్ల స్పేసరు వేస్తే ఆ బరువు మోసే గీత బేరింగు నుంచి 15 మిల్లీమీటర్లు బయటికి జరిగినట్టే, ప్రతి కిలోమీటరూ, ప్రతి గతుకూ. కొన్నాళ్లకు బేరింగు మోత మొదలవుతుంది, వాళ్లు నా దగ్గరకే వస్తారు. స్టీరింగ్ తిప్పితే చక్రం ఏ ఊహాగీత చుట్టూ తిరుగుతుందో దాన్ని నేల దాకా పొడిగిస్తే అది టైరు నేలను తాకే చోటికి ఎంత దూరంలో పడాలో కంపెనీ లెక్కకట్టి పెడుతుంది. ఒక చక్రం తారు మీద, ఒక చక్రం రోడ్డు పక్క మట్టిలో ఉండగా గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగ్ చేతిలోంచి లాక్కోకుండా ఉండడానికే ఆ లెక్క. మన హైవేల మీద లారీని తప్పించబోయి మట్టిలోకి దిగడం ఎంత మామూలో మీకు చెప్పనక్కర్లేదు. మనం పలకతో ఆ లెక్కను చెరిపేస్తున్నాం. నా అలైన్‌మెంట్ యంత్రం టో, క్యాంబర్, క్యాస్టర్ అనే చక్రాల కోణాలను చూపిస్తుంది. జరిగిపోయిన ఆ దూరాన్ని అది చూపించదు, నేను సరిచేయలేను.

చట్టం సంగతి కూడా తెలుసుకుని ఉందాం. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ఉంది. ఆర్.సి.లో నమోదైన తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడవచ్చు. గమనించండి, యజమానికి. పలక వేసింది మనం, శిక్ష అది ఉన్నట్టే తెలియని ఆ అబ్బాయికి. రేపు ప్రమాదం జరిగి బీమా సర్వేయరు చక్రం విప్పితే కోడిగుడ్డు రంధ్రాల పలకకు జవాబు చెప్పాల్సిందీ అతనే.

రిమ్ములకు ప్రమాణం ఉంది. ఐ.ఎస్. 16192. మలుపుల్లో వంగే బలానికి, బరువుతో తిరిగే అలసటకు, గతుకు దెబ్బకు రిమ్మును పరీక్షిస్తారు. ఆ పరీక్షలు రిమ్మును నేరుగా ముఖానికి బిగించి చేసేవి. వెనక లాత్ పలక పెట్టి చేసేవి కావు. మన దుకాణాల్లో దొరికే పలకల మీద ఏ ముద్రా నేను ఇంతవరకు చూడలేదు. జర్మనీలో స్పేసరు వేసుకోవచ్చు, కానీ ఆ స్పేసరుకు పరీక్షా పత్రం ఉండాలి, ఆ కారుకు, ఆ రిమ్ము టైరుకు అది చెల్లాలి. లేకపోతే కారుకు రోడ్డెక్కే అనుమతే పోతుంది. మన రెండు రాష్ట్రాల రవాణా కమిషనర్లను కూడా ఈ లేఖ ద్వారా ఒకటే కోరుతున్నాను. రిమ్ము అమ్మిన బిల్లు మీద పి.సి.డి., ఆఫ్‌సెట్, సెంటర్ బోర్, స్పేసరు వేశారా లేదా, వేస్తే ఎంత మందం అన్నవి రాయాలని ఆదేశించండి. కాగితం మీద రాయాల్సి వస్తే కొలవాల్సి వస్తుంది.

అయినా ప్రభుత్వం వచ్చి చూస్తుందని కూర్చుంటే లాభం లేదు. టాక్సీకైతే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ 15 ఏళ్లలో ఆ కారును జాకీ ఎక్కించి, చక్రం విప్పి వెనక ఏముందో చూసే అధికారి ఎవరూ లేరు. చూసేది మీరు, నేను, పంక్చరు వేసే కుర్రవాడు. అంతే. అందుకే నేను రవాణా శాఖకు రాయాల్సిన లేఖను మీకు రాస్తున్నాను.

"మేం వేయకపోతే పక్క దుకాణంలో వేస్తారు" అని మీరంటారు. నిజమే. నేను మానేసిన మొదటి ఏడాది చాలా బేరాలు పోయాయి. అద్దెలు, జీతాలు, బ్యాంకు వాయిదాలు నాకూ ఉన్నాయి. కానీ ఎందుకు వద్దో పలకను చేతిలో పెట్టి చూపించి చెప్పినవాళ్లలో చాలామంది తిరిగి నా దగ్గరకే వచ్చారు. ఇంట్లో పిల్లలున్నవాడు మీరు చెప్పే మాటను కొట్టిపారేయడు. మనం చెప్పడం లేదు, అదే ఇబ్బంది. బయటికి పొడుచుకొచ్చిన చక్రమే కావాలనే కుర్రాడికి కూడా దారి ఉంది. ఫెండరును దాటకుండా, తక్కువ ఆఫ్‌సెట్‌తోనే తయారైన రిమ్ము చూపించండి. చూడడానికి పలక వేసినట్టే ఉంటుంది, నట్టు మాత్రం పూర్తి మర మీద పడుతుంది.

ఇంకొక మనవి. పాత రిమ్ములను మార్పిడిలో తీసేసుకోకండి. ఆ అబ్బాయి కంపెనీ రిమ్ములను దుకాణంవాళ్లు మూడు వేలు తగ్గించి ఉంచేసుకున్నారట. పండగ ముందు రోజుల్లో అతని కారుకు ఇనుప రిమ్ములు వెతకడానికి మా కుర్రవాళ్లిద్దరు ఆటోనగర్ అంతా తిరిగారు. పాత సామాను షాపుల్లో మూడు దొరికాయి. నాలుగోది అతని స్టెప్నీయే. టైర్లు అడ్డగోలుగా ఏవి దొరికితే అవి. ముందు రెండు హబ్బులకూ స్టడ్లన్నీ కొత్తవి కొట్టాం. ఈలోగా ఆ పెద్దావిడ కుర్చీలో కూర్చుని రెండుసార్లు అడిగింది, "ఏమైంది నాయనా, చీకటి పడకుండా చేరతామా?" అని. ఏమైందో ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చక్రం చిన్న రిపేరని చెప్పాను. సాయంత్రం ఆరున్నరకు బయల్దేరారు. అలాయ్‌లు నా షాపులోనే వదిలి వెళ్లాడు. పండగయ్యాక వచ్చి ఆ దుకాణానికి తీసుకెళ్తే, మంచి మాట చెప్పాలి, వాళ్లు వాదించకుండా వెనక్కి తీసుకుని 6 అంగుళాలవి, సరైన ఆఫ్‌సెట్‌వి, రింగులతో సహా ఇచ్చారు. తేడా డబ్బులు కూడా అడగలేదు. అంటే సరైనవి ఆ దుకాణంలో మొదటి రోజు కూడా ఉన్నాయి.

ఇక నా దగ్గరున్నది మీతో పంచుకుంటాను. నేను విప్పిన కార్లన్నింటివీ హబ్బు కొలత, పి.సి.డి., స్టడ్డు మర, కంపెనీ ఆఫ్‌సెట్, నట్టు ముఖం ఆకారం ఒక పొడవాటి లెక్కల పుస్తకంలో పదిహేనేళ్లుగా రాసుకుంటున్నాను. కావాలన్నవారు వచ్చి ఫోనులో ఫొటోలు తీసుకోండి, నాకు తెలియనివి ఉంటే మీరు చేర్చండి. టార్క్ రెంచి లేని తమ్ముళ్లు వారం రోజులు నాది తీసుకెళ్లి వాడి చూడండి. బిగించిన ప్రతి కారునూ వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రమ్మని చెప్పి నట్లు మళ్లీ చూడండి, దానికి డబ్బులు తీసుకోకండి.

ఆ 10 మిల్లీమీటర్ల పలకను, విరిగిన స్టడ్డును, నాలుగు చుట్లకే ఊడిన నట్టును నా బల్ల మీద ఒక పళ్లెంలో పెట్టాను. వచ్చినవాళ్ల చేతికి ఇస్తున్నాను. మీరు వచ్చినప్పుడు మీ చేతికీ ఇస్తాను. వేలితో ఆ రంధ్రాన్ని తడిమి చూడండి, అంచు ఎంత పదునుగా అరిగిందో తెలుస్తుంది.

ఇట్లు,
చక్రాల పని చేసుకునే మీ సోదరుడు,
విజయవాడ